మొరం గుంతలో మద్ది లేచింది, గుగ్గిలం లేవలేదు: ములుగు అడవి అంచున ఒక వేళ్ళ కేసు

ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే దారిలో, అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊరి కేసు ఇది. ఊరి పేరు, మొక్కలు పంపిన నర్సరీ పేరు ఇక్కడ రాయడం లేదు. రోడ్డు పనికి మొరం తవ్వుకుపోగా మిగిలిన కొన్ని ఎకరాల గుంత అది. పైమట్టి పూర్తిగా పోయి, ఎర్రటి గరుకు పొర బయటపడింది. ఆ నేలను మళ్ళీ చెట్లతో నింపాలని ఊరి మహిళా సంఘం పూనుకుంది. నల్లమద్ది, ఇప్ప, ఉసిరి, ఏగిస, కానుగ నాటారు. గోదావరి అవతల బస్తర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ గొత్తికోయ కుటుంబాలు తమ వంతుగా కొన్ని గుగ్గిలం (సాల వృక్షం) మొక్కలు పెట్టాయి. నర్సరీలకూ, బీళ్ళలో అడవి పెంచే సంఘాలకూ వేళ్ళ ఆరోగ్యం మీద సలహా ఇవ్వడం నా పని. రెండో వానకాలం మొదట్లో నన్ను పిలిచారు.

"సచ్చిపోతలేవు సారూ, పెరుగుతలేవు" అంది సంఘం లీడరు. "నీళ్ళు పోసినం, డీఏపీ ఏసినం, యూరియా ఏసినం. పెట్టిననాడు ఎట్లున్నయో ఇయ్యాల గట్లనే ఉన్నయి."

చచ్చే మొక్కకు కారణం వెతకడం తేలిక. బతికి ఉండి కదలని మొక్క దగ్గరే ఓపిక కావాలి. ఆకులు చిన్నవిగా ఉన్నాయి. మద్ది, ఉసిరి ముదురాకుల అడుగున ఊదా రంగు తిరిగింది. అది భాస్వరం అందడం లేదని చెప్పే గుర్తు. కానుగ ఒక్కటే కాస్త పచ్చగా ఉంది కానీ దాని వేళ్ళ మీద నత్రజని పట్టే బుడిపెలు అక్కడొకటి ఇక్కడొకటి. గుగ్గిలం కొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. చెదలు లేవు, వేరుపురుగు లేదు, నులిపురుగుల ముడులు లేవు, నీరు నిలిచిన జాడ లేదు. వేళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది ఆ శుభ్రతను చూసే.

వేరుకు సిరా పట్టిస్తే

చాలా మొక్కల వేళ్ళలో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉంటుంది. మట్టిలోని భాస్వరాన్ని అది మొక్కకు తెచ్చి ఇస్తుంది, బదులుగా మొక్క దానికి తిండి పెడుతుంది. వేరు లోపల ఆ శిలీంధ్రం ఉందో లేదో కంటికి కనిపించదు. రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూడాలి. చాలాకాలం ఈ పనికి ట్రైపాన్ బ్లూ వాడేవారు, అది ఒంటికి మంచిది కాదు. 1998లో మామూలు పెన్ను సిరా, వెనిగర్ కలిపి వాడే పద్ధతి వచ్చాక ఊళ్ళో కూడా ఈ పరీక్ష చేయగలుగుతున్నాం. సన్నని వేళ్ళను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉడికిస్తే లోపలి పదార్థం కరిగి వేరు పారదర్శకమవుతుంది. చెట్ల వేళ్ళలో రంగు ఎక్కువ కాబట్టి కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వాటిని తెలుపు చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత తెల్ల వెనిగర్‌లో సిరా కలిపి ఒకసారి మరిగించి, నీళ్ళలో నానబెడితే వేరుకు పట్టిన రంగు వదిలిపోతుంది, శిలీంధ్రానికి పట్టినది నిలుస్తుంది.

గుంతలోని మొక్కల వేళ్ళతో పాటు, కొద్ది దూరంలో పొలం గట్టు మీద తనంతట తాను మొలిచిన ఒక నల్లమద్ది వేళ్ళు కూడా తెచ్చుకున్నాను. పోల్చడానికి ఏమీ లేకుండా వేరును చదవడం నాకు ఇష్టం ఉండదు. గట్టు మద్ది వేరు నిండా నీలి తంతువులు. కణాల లోపల చిన్న పొదల్లాగా కొమ్మలు చాచిన ఆర్బస్క్యూల్‌లు, నూనె నిల్వ ఉండే గుండ్రని తిత్తులు. గుంతలోని మద్ది వేరులో ఏమీ లేదు. ఇప్పలో, ఉసిరిలో కూడా అంతే. కానుగ వేరులో ఒకటి రెండు చోట్ల తంతువులు కనిపించాయి.

నర్సరీ వాళ్ళను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పారు. సంచుల్లో నింపింది బావి తవ్వినప్పుడు లోతు నుంచి వచ్చిన మట్టి. నారుకుళ్ళు భయంతో శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ ద్రావణం మళ్ళీ మళ్ళీ పోశారు. మొక్క తొందరగా అమ్మకానికి రావాలని డీఏపీ నీళ్ళు ఇచ్చారు. లోతు మట్టిలో ఈ శిలీంధ్రాల బీజాలు అరుదు. ఉన్న కొద్దిపాటివాటిని కార్బెండజిమ్ అణిచేసింది. భాస్వరం ఉచితంగా దొరుకుతుంటే మొక్కే తలుపు వేసుకుంటుంది. అలా పెరిగిన మొక్కను పైమట్టి లేని మొరంలో పెట్టారు. అక్కడ కూడా వేరుకు ఎదురొచ్చే శిలీంధ్రం లేదు.

మరి గుంతలో వేసిన డీఏపీ ఏమైంది? ఎర్ర మొరంలో ఇనుము, అల్యూమినియం ఎక్కువ. భాస్వరాన్ని అవి పట్టేసుకుంటాయి. భాస్వరం నీళ్ళతో పాటు పారి వచ్చే పోషకం కాదు, వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఖాళీ అయితే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. శిలీంధ్ర తంతువు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం వెళుతుంది, వేరు దూరలేని సందుల్లోకి దూరుతుంది.

వేరు కంటే పాత బంధం

ఇక్కడ పరిణామం గురించి కొంత వివరంగా రాయాలి. వైద్యం ఎందుకు పనిచేసిందో, ఒక మొక్కకు ఎందుకు పనిచేయలేదో దాని ద్వారానే అర్థమవుతుంది. మొక్కకు మొదట వేరు ఉంది, తర్వాత శిలీంధ్రం వచ్చి దానికి తగులుకుంది అని చాలామంది అనుకుంటారు. జరిగింది తిరగేసి.

మొక్కలు నీటిని వదిలి నేల మీదికి వచ్చి సుమారు 47 కోట్ల ఏళ్ళు. అప్పటికి వాటికి వేళ్ళు లేవు. నేల అంటే కూడా ఎక్కువ భాగం పొడి రాయే. స్కాట్లాండ్‌లోని రైనీ అనే ఊరి దగ్గర 40.7 కోట్ల ఏళ్ళ నాటి చెకుముకి రాతిలో ఆనాటి మొక్కలు కణాలతో సహా రాయిగా మారి నిలిచాయి. అందులో ఆగ్లావోఫైటన్ అనే మొక్కకు వేరు లేదు, ఆకు లేదు. కానీ దాని కాండం కణాల్లో ఆర్బస్క్యూల్‌లు ఉన్నాయని 1994లో ప్రకటించారు. నేను సిరా పట్టించి గట్టు మద్దిలో చూసిన ఆకారం, ఆ రాతి మొక్కలో ఉన్న ఆకారం ఒకటే. పిరోజిన్‌స్కీ, మాలక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లోనే ఈ మాట అన్నారు: శిలీంధ్రం తోడు లేకుంటే మొక్క నేల మీద నిలదొక్కుకునేదే కాదని. రైనీ రాయి ఆ ఊహకు బలమిచ్చింది. వేరు అనే అవయవం తర్వాత, వేర్వేరు మొక్కల వంశాల్లో వేర్వేరుగా ఏర్పడింది.

రాళ్ళను వదిలి జన్యువులను అడిగినా ఇదే జవాబు వస్తుంది. శిలీంధ్రం వచ్చిందని గుర్తించి లోపలికి దారి ఇచ్చే జన్యువుల వరుస ఒకటి ఉంది. వరిలో, జొన్నలో, చెట్లలో, వానకాలంలో తడి బండల మీద పాకే వేళ్ళు లేని లివర్‌వర్ట్‌ల్లో కూడా అదే వరుస. ఈ శిలీంధ్రాలు కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకునే శక్తిని పోగొట్టుకున్నాయి. మొక్క తన కొవ్వును వాటికి అందిస్తుందని 2017లో తేలింది. లివర్‌వర్ట్‌లో ఆ అందించే ఏర్పాటును చెడగొడితే బంధం కుదరదని 2021లో చూపించారు. అంటే ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం మొదటి నేల మొక్కల నాటిది. చిక్కుడు జాతి మొక్కలు నత్రజని బాక్టీరియాను పిలవడానికి కూడా ఈ పాత జన్యువులనే కొత్త పనికి పెట్టుకున్నాయి. కానుగ కూడా చిక్కుడు జాతిదే, దాని వేళ్ళ మీద బుడిపెలు సరిగా రాకపోవడం నాకు వింతగా అనిపించలేదు. బుడిపె పనిచేయడానికి భాస్వరం చాలా కావాలి, ఆ భాస్వరం తెచ్చే పాత నేస్తం అక్కడ లేదు.

మన నేలకు దగ్గరి సాక్ష్యం ఒకటి చెప్పాలి. భూపాలపల్లి, రామగుండం బొగ్గు పెర్మియన్ కాలపు (సుమారు 25-30 కోట్ల ఏళ్ళ కిందటి) అడవుల నుంచి వచ్చింది. ఆ అడవుల్లో రాజ్యమేలిన చెట్టు గ్లోసోప్టెరిస్. అప్పుడు భారతదేశం, అంటార్కిటికా ఒకే గోండ్వానా ఖండంలో భాగాలు. అంటార్కిటికాలో దొరికిన గ్లోసోప్టెరిస్ శిలావేళ్ళలో ఈ రకం శిలీంధ్రమే ఉందని 2013లో ప్రచురించారు. మన దగ్గర తవ్వుతున్న ప్రతి బొగ్గు పెళ్ళ వెనుకా ఇలాంటి వేళ్ళే ఉన్నాయని నేను నమ్ముతాను.

మద్ది, ఇప్ప, ఉసిరి, ఏగిస, టేకు, తునికి, వీటన్నిటిదీ ఈ పాత బంధమే. ఉష్ణమండలపు చెట్లలో ఎక్కువ శాతానికి కూడా ఇదే. ఇంత పాతది కాబట్టే ఇది ఎదుటి మొక్కను చూసి మెలిగే రకం కాదు. శిలీంధ్ర జాతులు కొన్ని వందలే, ఆతిథ్యం ఇచ్చే మొక్కలు లక్షల జాతులు. జొన్న వేరులో పెరిగిన శిలీంధ్రం మద్ది వేరులోకి కూడా వెళుతుంది. మా చికిత్స మొత్తం ఈ ఒక్క ఆధారం మీద నిలబడింది.

జొన్న తొట్టి

అభయారణ్యం నుంచి మట్టి తేవడం తప్పు, తేవద్దని మొదటే చెప్పాను. ఊరి గట్ల మీద పాత ఇప్ప, మద్ది, చింత చెట్లు ఉన్నాయి. వాటి కింద ఆకుచెత్త పక్కకు జరిపి, పై బెత్తెడు మట్టిని సన్నని వేళ్ళతో సహా కొద్ది కొద్దిగా తీశాం. ఒక చెట్టు కిందే గొయ్యి చేయకుండా చాలా చెట్ల కింద తీయించాను. ఇటుకలతో కట్టి ప్లాస్టిక్ పట్టా పరిచిన తొట్లలో ఇసుక కలిపి నింపి జొన్న విత్తాం. ఎరువు ఏదీ వేయలేదు. శిలీంధ్రాన్ని పిలిచేది ఆకలితో ఉన్న వేరు. భాస్వరం తక్కువైనప్పుడు వేరు స్ట్రిగోలాక్టోన్ అనే రసాయనాన్ని బయటికి వదులుతుంది, దాని జాడ తగలగానే శిలీంధ్రపు తంతువు కొమ్మలు వేస్తుందని 2005లో కనుగొన్నారు. జొన్న చేలను పీల్చేసే స్ట్రైగా కలుపు గింజ మొలకెత్తేది కూడా ఈ రసాయనం వాసనకే. నేస్తం కోసం వదిలిన పిలుపును దొంగ కూడా వింటున్నాడు. అందుకే తొట్టి మట్టిలో స్ట్రైగా లేని చోటు చూసుకున్నాం.

సంఘంలో ఒకావిడ మంచి ప్రశ్న వేసింది: "జొన్న ఎందుకు, తోటకూరనో ఆవాలో ఏస్తే అమ్ముకోనన్న అమ్ముకుందుము కదా?" ఆవాలు, క్యాబేజీ కుటుంబం ఈ బంధాన్ని వదులుకుంది. వదులుకున్నాక ఆ జన్యువులు కూడా చెరిగిపోయాయి. తోటకూర కుటుంబం కూడా చాలా మేరకు దూరమే. ఆ తొట్టిలో తోటకూర వేస్తే శిలీంధ్రం పస్తుంటుంది. ఈ జవాబు విన్నాక ఆమే జొన్న తొట్లకు కాపలాదారు అయింది.

జొన్న కంకి పట్టే దశకు వచ్చాక నీళ్ళు ఆపి ఎండనిచ్చాం. మొక్క ఎండుతుంటే శిలీంధ్రం బీజాలు కట్టుకుంటుంది. పైభాగం కోసేసి, వేళ్ళను ముక్కలు చేసి అదే మట్టిలో కలిపితే మందు తయారు. గుంతలో ప్రతి మొక్క చుట్టూ నెలవంక ఆకారంలో సన్నగా తవ్వి, కొత్త వేళ్ళకు తగిలేలా వేశాం, పైన ఆకుచెత్త కప్పాం. వరుసల మధ్య జొన్న, పెసర చల్లాం. తంతువులు ఒక వేరు నుంచి ఇంకో వేరుకు పాకడానికి అవి దారి వేస్తాయి. డీఏపీ పూర్తిగా మానేశాం.

రెండు వరుసలను మాత్రం వేరుగా ఉంచాను. ఒక దానికి ఏమీ వేయలేదు. ఇంకో దానికి అదే తొట్టి మట్టిని ఆవిరి పట్టించి వేశాం. మట్టిలోని పోషకాల వల్ల మొక్క లేచిందా, ప్రాణమున్న శిలీంధ్రం వల్ల లేచిందా తెలియాలంటే ఇది తప్పదు. సంఘానికి ఈ వరుసలు వదిలేయడం కష్టంగానే ఉండింది. "గవి మాత్రం ఏం పాపం జేసినయి?" అని అడిగారు. తర్వాత వాటికీ వేస్తానని మాట ఇచ్చాను.

ఆ వానకాలం చివరికి తేడా కంటికే కనిపించింది. మందు వేసిన మద్ది, ఉసిరి కొత్త కొమ్మలు వేశాయి. కొత్త ఆకుల అడుగున ఊదా రంగు లేదు. ఇప్ప నిదానం, అది ఎక్కడైనా నిదానమే, కానీ కాండం లావెక్కింది. ఏగిస మిశ్రమంగా ఉంది, రాయి ఎక్కువగా తేలిన మూలలో దానికి ఏ మార్పూ లేదు. కానుగ వేళ్ళ మీద గులాబీ రంగు బుడిపెలు గుత్తులుగా వచ్చాయి. ఆవిరి పట్టించిన వరుస మొదట కొంచెం కదిలి ఆగిపోయింది. ఏమీ వేయని వరుస ఉన్నచోటే ఉంది. మళ్ళీ సిరా పరీక్ష చేస్తే మందు వేసిన వేళ్ళలో ఆర్బస్క్యూల్‌లు ఉన్నాయి. సంఘం వాళ్ళందరికీ మైక్రోస్కోపులో చూపించాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పూట అది.

గుగ్గిలం దగ్గర ఆగిపోయింది

అదే మందు, అదే నేల, అదే వాన. గుగ్గిలం మాత్రం ఒక్క చిగురు వేయలేదు. గొత్తికోయ కుటుంబాల పెద్దాయనకు నేను ముందే చెప్పి ఉంచాను, దీని సంగతి వేరని. గుగ్గిలం, అంటే సాల వృక్షం, డిప్టెరోకార్ప్ కుటుంబానిది. దాని నేస్తాలు ఆర్బస్క్యూల్ శిలీంధ్రాలు కావు. అవి కణాల్లోకి వెళ్ళవు. వేరు కొసను బయటి నుంచి తొడుగులాగా కప్పి, కణాల మధ్య సందుల్లో అల్లుకుంటాయి. వానకు నేల మీద గొడుగులుగా, బంతులుగా బయటపడేవి వీటిలో చాలా ఉన్నాయి. బస్తర్ సంతల్లో తొలకరికి అమ్మే బోడా అలాంటిదే, గుగ్గిలం వేళ్ళ నేస్తం. మన వైపు పుట్టల మీద వచ్చే పుట్టగొడుగు చెట్టు నేస్తం కాదు, చెదపురుగులు సాగు చేసుకునే పంట.

ఈ తొడుగు బంధం చాలా కొత్తది. ఒక్కసారి పుట్టింది కూడా కాదు. కుళ్ళిన చెక్కను తిని బతికే శిలీంధ్రాల నుంచి ఇది విడివిడిగా పదుల సార్లు పుట్టింది. లక్కారియా అనే శిలీంధ్రం జన్యుపటం 2008లో, ఇంకా చాలా జాతులది కలిపి 2015లో వచ్చాయి. చెట్టుతో స్నేహం కుదిరిన ప్రతి వంశంలోనూ చెక్కను కరిగించే ఎంజైములు చాలావరకు పోయాయని వాటిలో తేలింది. తిండి చెట్టు ఇస్తుంటే చెక్క కరిగించే సామాను అక్కర్లేకపోయింది. మొక్కల వైపు నుంచి చూసినా ఇది కొన్ని కుటుంబాలకే పరిమితం: పైన్‌లు, ఓక్‌లు, జామాయిల్, డిప్టెరోకార్ప్‌లు, ఇంకా కొన్ని. జాతుల లెక్కలో నూటికి రెండు కూడా మించవు. కానీ అవి ఉన్న చోట అడవి మొత్తం తమదే చేసుకుంటాయి. మన టేకు అడవిలో పది అడుగులకు ఒక కొత్త చెట్టు కనిపిస్తుంది. గుగ్గిలం అడవిలో గంట నడిచినా గుగ్గిలమే.

డిప్టెరోకార్ప్‌ల బంధం వయసు గురించి రెండు సాక్ష్యాలు నాకు ఇష్టం. మడగాస్కర్‌లో మాత్రమే ఉండే సార్కోలేనేసీ చెట్లు వీటి దాయాదులు, వాటికీ తొడుగు బంధమే. భారతదేశం మడగాస్కర్ నుంచి విడిపోయి సుమారు 8.8 కోట్ల ఏళ్ళు. కాబట్టి రెండు వంశాల ఉమ్మడి పూర్వీకుడికే ఈ బంధం ఉండి ఉంటుందని 2004లో వాదించారు. డిప్టెరోకార్ప్‌లు ఆఫ్రికాలో పుట్టి భారత ఫలకం మీదికి చేరి, అక్కడి నుంచి ఆసియాకు వ్యాపించాయని 2022లో పుప్పొడి శిలాజాల ఆధారంగా రాశారు. రెండోది గుజరాత్‌లోని తడకేశ్వర్ లిగ్నైట్ గని. అక్కడి అంబర్, సుమారు 5.2 కోట్ల ఏళ్ళ కిందట ఈ కుటుంబపు చెట్ల నుంచి కారిన బంకే. గుళ్ళలో ధూపం వేసే గుగ్గిలానికి అది పూర్వీకురాలు. అందులో చిక్కుకున్న వేరు కొసల మీద శిలీంధ్రపు తొడుగు చెక్కుచెదరకుండా ఉందని 2011లో ప్రకటించారు.

ఈ కొత్త బంధంలో ఎంపిక ఎక్కువ. ఏ శిలీంధ్రం పడితే అది ఒప్పుకోదు. ప్యూర్టో రికోలో పైన్ మొక్కలు ఎన్నిసార్లు నాటినా పసుపు తిరిగి చచ్చిపోయేవి. 1950ల్లో అమెరికా పైన్ అడవుల మట్టి తెచ్చి వేశాకే నిలిచాయి. మా కేసులో గుగ్గిలం గింజలుగా వచ్చింది. జూన్‌లో రాలిన గింజ వారం పది రోజుల్లోనే మొలకశక్తి పోగొట్టుకుంటుంది కాబట్టి గొత్తికోయల బంధువులు హడావుడిగా సంచిలో వేసుకుని తెచ్చారు. గింజతో మట్టి రాలేదు. మట్టితో రావలసిన శిలీంధ్రం రాలేదు. పక్క చేలో జామాయిల్ తోట ఉంది. దాని వేళ్ళ శిలీంధ్రం పనికొస్తుందేమోనని అక్కడి బంతి గొడుగుల పొడి నీళ్ళలో కలిపి పోశాం. గుగ్గిలం కొసల మీద తొడుగు కట్టలేదు. జామాయిల్ నేస్తాలు ఆస్ట్రేలియా నుంచి దానితో వచ్చినవి, వాటి అభిరుచి వేరు.

నా సలహా నేను దాచలేదు. ఈ గుంతలో గుగ్గిలం వద్దన్నాను. ఇది టేకు, మద్ది నేల. గుగ్గిలం అడవిని మట్టితో సహా ఇక్కడికి మోసుకొస్తే దాని రోగాలు కూడా వస్తాయి, వచ్చిన శిలీంధ్రం ఈ నేలలో ఏం చేస్తుందో చూసుకునే స్థోమత సంఘానికి లేదు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా దేవరకు చెట్టు గావాలె సారూ. గుంతల వద్దంటే ఇంటికాడ పెట్టుకుంటం" అన్నాడు. దానికి కాదనడం నాకు సబబు అనిపించలేదు. మరుసటి తొలకరికి వాళ్ళ బంధువులు తమ ఊళ్ళోనే, గుగ్గిలం చెట్టు కింది మట్టి నింపిన సంచుల్లో మొలిపించి కొన్ని మొక్కలు తెచ్చారు. వాటిలో ఒకటి రెండు చచ్చిన తర్వాత వేళ్ళు కడిగి చూశాను. కొసలు పొట్టిగా, లావుగా, తెల్లటి తొడుగుతో ఉన్నాయి. మిగిలినవి వాళ్ళ వాకిట్లో బతుకుతున్నాయి. సంచి మట్టి పొలంలోకి పారకుండా చుట్టూ గట్టు కట్టించాను.

నర్సరీ తన పద్ధతి మార్చుకుంది. సంచి మట్టిలో పదో వంతు జొన్న తొట్టి మట్టి కలుపుతున్నారు. నారుకుళ్ళుకు మందు కంటే ముందు నీరు తగ్గించి, నారుమడి ఎత్తు పెంచుతున్నారు. డీఏపీ నీళ్ళు ఆపారు. మొక్క అమ్మకానికి రావడం కొన్ని వారాలు ఆలస్యమవుతోందని యజమాని బాధ. ఆ ఆలస్యానికి సరిపడా ధర ఇవ్వడానికి సంఘం ఒప్పుకుంది. గుంతలో పోలిక కోసం వదిలేసిన రెండు వరుసలకూ ఈ వానకాలం మందు వేశాం. రాయి తేలిన మూలలో ఏగిస తీసేసి ఉసిరి పెట్టాం.